మగ్గాల హోరులో చెప్పుకున్న మాటలు

మగ్గాలు ఆడే ఇంట్లో పుట్టినవాళ్ళకు నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. నగరిలో మా వీధికి వచ్చి ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. మరమగ్గం టకటకా ఆడుతున్నంతసేపూ పసిబిడ్డలు ఉయ్యాలలో కదలకుండా పడుకుంటారు. కరెంటు పోయి మగ్గం ఆగిందంటే ఉలిక్కిపడి లేచి ఏడుపు మొదలుపెడతారు. నేనూ అలాంటి బిడ్డనేనని మా అమ్మ అంటుంది. నా చిన్నతనం మొత్తాన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ముఖాలు కాదు, ఆ హోరు. దాని లోపల ఎక్కడో మెత్తగా, వానలో తడుస్తున్న ఇంట్లో పడుకున్నట్టు ఉండేది.

మా వీధిలో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ మాట్లాడటానికి గొంతుతో పని లేదు, పెదాలు చాలు. ఆ చప్పుడులో ఎంత అరిచినా వినపడదు కాబట్టి ఎవరూ అరవరు. నోరు కదిలిస్తారు, ఎదుటివాళ్ళు చూసి అందుకుంటారు. ఆ చివర మగ్గం దగ్గరున్న నాయన, ఈ చివర వంటగది గడపలో నిలబడ్డ అమ్మతో ఉప్పు దగ్గర్నుంచి ఊరి రాజకీయం దాకా అన్నీ అలాగే మాట్లాడేవాడు. పోట్లాటలు కూడా అలాగే. నేను సైన్సు టీచరునై తిరుపతి బడిలో చేరిన కొత్తలో, చివరి బెంచీలో పిల్లలు గుసగుసలాడుకునేదంతా బోర్డు దగ్గర నిలబడి చెప్పేస్తుంటే, మా మేడమ్‌కు ఏదో మహిమ ఉందని వాళ్ళు బెదిరిపోయారు. నేనూ ఆ మహిమను చాలా ఏళ్ళు అలాగే ఉంచుకున్నాను. టీచర్లకు అలాంటివి అవసరం.

ఈ రెండు సంగతులూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాకు జబ్బు చేసినప్పుడు నన్ను నిలబెట్టినవి మందులతో పాటు ఇవే.

జబ్బు అని ఇప్పుడు సులువుగా అనగలుగుతున్నాను. అప్పుడు దానికి పేరు లేదు. తిరుపతిలో మా ఫ్లాటు బాగా లోపలి వీధిలో ఉంటుంది, కిటికీలు మూస్తే ఈగ వాలిన చప్పుడు కూడా వినపడదు. మా అమ్మాయిని చిత్తూరు హాస్టల్లో చేర్చాక ఇల్లు ఇంకా నెమ్మదించింది. ఆ నెమ్మదిలో నేను మెల్లగా చల్లారిపోయాను. బడికి వెళ్ళేదాన్ని, పాఠం చెప్పేదాన్ని, వచ్చి పడుకునేదాన్ని. నిద్ర మాత్రం వచ్చేది కాదు. కూర రుచి తెలిసేది కాదు. కిటికీలోంచి ఎదురుగా అంత పెద్ద కొండ కనపడుతున్నా అది గోడకు తగిలించిన క్యాలెండరు బొమ్మలా ఉండేది.

పొద్దున లేవాలని ఉండేది కాదు. ఇంకా నిజం చెప్పాలంటే, అసలు ఉండాలనే ఉండేది కాదు. రోజూ ఏదో ఒక వేళ ఆ ఆలోచన తలుపు తట్టకుండా లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని పోయేది. ఎక్కడా ఏ గొడవా లేకుండా, చాలా మర్యాదగా వచ్చేది. అందుకే దానంటే భయం వేసింది. మొదటి సంగతి అందరికీ చెప్పాను. రెండోది ఎవరికీ చెప్పలేదు. మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు ఆవిడ నేరుగానే అడిగింది, "చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా?" అని. పక్కనే ఆయన నా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ బ్యాగును పట్టుకున్న తీరు చూసి, "ఛ, అలాంటిదేం లేదండీ" అన్నాను.

డాక్టరమ్మ మందులు రాసింది. రాసి, పెన్ను మూతపెట్టి, "ఇంకొకటి చెబుతాను, చేస్తారా?" అంది. "రోజూ మూడు మంచి సంగతులు చెప్పుకోవాలి. ఆ రోజు మీకు దక్కినవి. ఎంత చిన్నవైనా ఫరవాలేదు. వాటికి థాంక్స్ చెప్పాలి. మనసులో కాదు, నోటితో, గట్టిగా."

"రాసుకుంటే సరిపోదా?"

"వద్దు. మీరు టీచరు. రాస్తే మార్కులు కూడా వేసుకుంటారు."

ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క మాటకే. ఆ పని మీద మాత్రం కలగలేదు. నలభై దాటాక నాకు హోంవర్కా అని బస్సులో గొణుక్కుంటూ ఇంటికి వచ్చాను.

మా ఆయన మంచివాడు. అదే వచ్చిన చిక్కు. రాత్రి అన్నాల దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఊఁ, ఈ రోజు మూడు?" అని అడిగేవాడు. "చారు బాగుంది. ఫ్యాను తిరుగుతోంది. నువ్వు అడిగావు" అనేదాన్ని. ఆ ముక్కకే ఆయన ముఖం వెలిగిపోయేది. మర్నాడు ఇంకో రెండు రకాల చారు పొడి పొట్లాలు తెచ్చేవాడు. ఆయన కళ్ళలో ఆ ఆశ చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను బాగుపడుతున్నానో లేదో చూడటానికి ఒక మనిషి రోజూ ఎదురుగా కూర్చుంటే, ఇక నిజం ఎలా వస్తుంది? అబద్ధాలే వడ్డించాను. అన్నీ తీయని అబద్ధాలు. ఆయనకు తృప్తిగా ఉండేది, నాకు నోరు చేదుగా ఉండేది.

చివరికి బడికి సెలవు పెట్టి, కొన్నాళ్ళు నగరిలో ఉంటానని చెప్పి బస్సెక్కాను. మామిడి పూత రాలి పిందెలు పడే రోజులవి. పుత్తూరు దాటాక ముక్కు కొండ కనపడింది. ఆ కొండ కొమ్ము అచ్చం మనిషి ముక్కులాగే ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని చూడగానే ఇల్లు వచ్చేసిందని గంతులు వేసేవాళ్ళం. ఆ రోజు చూసి, ఉందిలే అనుకున్నాను. అంతే.

ఇంటికి చేరేసరికి మగ్గాలు నాలుగూ ఆడుతున్నాయి. గుమ్మంలో కాలు పెట్టగానే ఆ హోరు వచ్చి మీద పడింది. నాయన చూశాడు. మగ్గం ఆపలేదు. పెదాలతోనే, "తిన్యావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన వంటగది వైపు తిరిగి అమ్మతో ఏదో అన్నాడు. అమ్మ కంచం పట్టుకుని వచ్చింది. ఎందుకు వచ్చావు, ఎన్నాళ్ళుంటావు, మొహం ఎందుకు అలా ఉంది, ఆ ప్రశ్నలేవీ లేవు. నాలుగు ముద్దలు తిని మగ్గాల గది పక్కనే చాప మీద ఒరిగాను. లేచేసరికి పొద్దు వాలిపోయి ఉంది. ఎన్ని నెలలకో అలా పడుకోవడం. కలలో కూడా టకటకలే వినిపించాయి.

తరువాతి రోజులు నాకు వరసగా గుర్తు లేవు. నీళ్ళలోంచి చూసినట్టు గుర్తున్నాయి. పొద్దున తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగేది. అందులో నూలు ధూళి, బంగారు రంగు పొడి, పైకీ కిందికీ పోకుండా తేలుతూ ఉండేది. గంజి వాసన, రంగు వాసన, నూనె వాసన. అడ్డపోగును మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఆ పక్క నుంచి ఈ పక్కకు పోతూనే ఉండేది. దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు అమ్మ నా ముందు కండెల బుట్ట పెట్టింది. నాడెలో పెట్టే దారపు కండెలు ఏరి, రంగులవారీగా సర్దడం, అదీ నా పని. చిన్నప్పుడు బడి నుంచి రాగానే చేసిన పనే. గోడకు ఎదురుగా, నాయనకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉండేది, నిలువెత్తుది, అద్దం బిగించినది.

అక్కడే ఒక రోజు తోచింది. ఇక్కడ గట్టిగా మాట్లాడితే వినేవాళ్ళు ఎవరున్నారు? ముఖం గోడకు ఉంది, పెదాలు ఎవరికీ కనపడవు. గొంతు మగ్గాల్లో కలిసిపోతుంది. డాక్టరమ్మ చెప్పిన పని చేయడానికి లోకంలో ఇంతకంటే మంచి చోటు ఉండదు.

మొదటి రోజు థాంక్స్ రాలేదు, తిట్లు వచ్చాయి. డాక్టరమ్మను, చారు పొడి పొట్లాలను, మా హెడ్‌మాస్టరును, నా తలరాతను వరసపెట్టి తిట్టాను. గొంతు బొంగురుపోయింది. ఒళ్ళు తేలికపడింది. మరుసటి రోజు తిట్లు అయిపోయాక కాస్త చోటు మిగిలింది. అందులోకి మెల్లగా ఒక మాట వచ్చింది. "జాలాట్లో పిల్లి కూర్చోనుండాది. బాగుండాది." అంతే అన్నాను. చాలా ఏళ్ళ తరువాత నా నోట మా ఊరి మాట వచ్చింది. తిరుపతిలో పుస్తకం భాషలో చెప్పిన మూడు సంగతులూ ప్లాస్టిక్ పూలలా ఉండేవి. ఈ పిల్లి మాత్రం నిజం పిల్లి.

మర్నాడు చూస్తే జాలాడు పక్కన, గిన్నెలు తోమే ఆ చోట, చిప్పలో పాలు ఉన్నాయి. పిల్లి వచ్చి తాగుతోంది. అమ్మకు పిల్లులంటే సరిపడదు, ఎవరు పెట్టారో అనుకున్నాను. ఆ రోజు, "కిటికీలో ఎండ మంచిగుండాది, రోంత సేపే వస్తాది" అన్నాను. తరువాతి రోజు కిటికీకి అడ్డంగా పేర్చిన నూలు మూటలు పక్కకు జరిగి ఉన్నాయి. ఎండ నా ఒళ్ళోదాకా వచ్చింది. "ఊరిబిండి కారంగా ఉండాది, నాలిక మండింది, శానా రోజులకు" అంటే, వారం పొడుగునా సంగటిలోకి ఆ ఊరిబిండి పచ్చడే. "పొద్దన్నే ఎవురూ లేపలా" అంటే, మరునాడు అమ్మ గిన్నెలు కూడా మెల్లగా కడిగింది. బంగారుపాళ్యం తోటల నుంచి వచ్చిన తొలి మామిడికాయ తిని చేతులు నాక్కుంటూ దానికి నోరారా థాంక్స్ చెప్పుకున్నాను. రెండు రోజుల్లో గంపెడు కాయలు మంచం కింద గడ్డిలో మాగుతున్నాయి.

నేను సైన్సు టీచర్ని. కారణం లేనిదే కార్యం లేదని పిల్లలకు గొంతు చించుకుని చెప్పినదాన్ని. అయినా చెబుతున్నాను, ఆ రోజుల్లో నేను నమ్మేశాను. దేనికి థాంక్స్ చెబితే అది తిరిగి వస్తోందని. లోకం నా మాట వింటోందని. దేన్ని అడుగుదామా అని కాక, దేన్ని మెచ్చుకుందామా అని పొద్దున్నే లేచి చుట్టూ చూడటం మొదలైంది. చూస్తే కనపడేవి. తడి గోడ మీద నత్త. లుంగీ అంచులో కొత్తగా వేసిన ఆకుపచ్చ గీత. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తూ పెదాలతో ఎవరితోనో మాట్లాడటం. సగం మెలకువ, సగం నిద్ర, ఆ హోరు కింద రోజులు తేలిపోయాయి.

ఆ మర్యాద గల ఆలోచన మాత్రం రావడం మానలేదు. మామిడికాయ తిన్న రోజు కూడా వచ్చింది. అమావాస్యకు మగ్గాలు ఆపుతారు. ఆ రోజు వీధంతా పరాయి వీధిలా ఉంటుంది. అప్పుడైతే అది పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చుంది. నేను టీవీ పెట్టుకుని, దాని ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. దాని గురించి పటానికి కూడా చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఎండలు ముదిరాక ఒక రోజు, భోజనాలైన తరువాత కండెలు సర్దుతున్నాను. రెండు సంగతులు చెప్పేశాను. చెట్నీలో వెల్లుల్లి, బావి దగ్గర రెండు పిచ్చుకలు. మూడో దాని కోసం ఆ రోజంతా నెమరు వేసుకుంటుంటే ఏదో లోటుగా తోచింది. రోజూ వచ్చే మనిషి రానప్పుడు తెలుస్తుందే, అలా. ఏమిటా అని వెతికాను. పొద్దున్నుంచీ ఆ ఆలోచన రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. మళ్ళీ మళ్ళీ వెతుక్కున్నాను, మంచం కింద, తలుపు వెనక, మనసులో ప్రతి మూలా. లేదు. నాకు ఎంత సంతోషం వచ్చిందంటే, గుండెల నిండా గాలి పీల్చి, పటం వైపు చూస్తూ, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఈ పొద్దంతా నాకు..."

కరెంటు పోయింది.

"...సావాలనిపించలా!"

మా వీధిలో పుట్టినవాళ్ళెవరూ చేయకూడని తప్పు అది. చప్పుడు ఎప్పుడైనా ఆగిపోవచ్చని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మగ్గాల మధ్య ఎవరూ దాచుకోవలసిన మాటను గొంతుతో అనరు, పెదాలతోనే అంటారు. తిరుపతిలో ఉండి ఉండి నేను అది మరిచిపోయాను. నాలుగు మగ్గాలూ ఒక్కసారి నిలిచిపోయాయి. పక్కింటివీ, ఎదురింటివీ, వీధి వీధంతా. ఆ నిశ్శబ్దంలో నా మాట ఒక్కటే మిగిలి, గోడకు తగిలి నాకే తిరిగి వినపడింది. పక్కింట్లో పసిబిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టాడు.

తిరిగి చూశాను. నాయన మగ్గం మీదికి వంగి ఉన్నాడు. తెగిన పడుగు పోగు ఒకటి వేళ్ళ మధ్య ఉంది, ముడి వేయబోతూ ఆగిపోయాడు. ఎన్నో ఏళ్ళు ఆ చప్పుడులో బతికి ఆయన చెవులు సగం పోయాయి. పక్కన కూర్చుని పిలిస్తే పలకడు. కానీ ఈ మాట విన్నాడు. ముఖంలో తెలిసిపోయింది.

అమ్మ కడుగుతున్న కంచంతోనే వంటగదిలోంచి వచ్చింది. "ఏందే, ఏమో అరిసినావు?"

"ఏం లేదులే. నువ్వు పొయ్యి సూసుకో" అన్నాడు నాయన. ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు. మగ్గాల బయట ఆయన మాట్లాడితే వీధి చివర వినపడుతుంది. అది ఆయనకూ తెలుసు. అందుకని నా వైపు తిరిగి, చప్పుడే లేని ఆ గదిలో, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిలించాడు.

"ఎప్పుటి నించి?"

నేనూ అలాగే జవాబు చెప్పాను. "శానా నాళ్ళుగా."

"రోజూనా?"

"రోజూ. ఈ పొద్దే రాలా."

"డాక్టరమ్మకు సెప్పినావా?"

"లేదు."

"నీ మొగుడికి?"

"లేదు. బయపడతాడు."

ఆయన వేళ్ళ మధ్య దారానికి ముడి వేశాడు. తరువాత, "నేనూ బయపడినా. ఏమైంది ఇప్పుడు? ఈడనే ఉండాను గదా" అన్నాడు. అమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె కూడా పెదాలు చదవగలదు. కంచం కింద పెట్టి, వచ్చి నా వెనక కూర్చుని, నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను. చప్పుడు రాకుండా ఏడవడం కూడా మా వీధిలో అందరికీ వచ్చు. ఆ రోజు మాత్రం చప్పుడుతోనే ఏడ్చాను.

కరెంటు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక మగ్గాలు ఒకటొకటే అందుకున్నాయి. పక్కింటి బిడ్డ ఊరుకున్నాడు. నాయన నన్ను పిలిచి తన మగ్గం దగ్గర నిలబెట్టి, దారం తెగితే ఆపమని సైగ చేసి, తాను పోయి నేను రోజూ కూర్చునే చోట నిలబడ్డాడు. నాకు వీపు పెట్టి, పటానికి ఎదురుగా. సామికి దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. అప్పుడే చూశాను. కిటికీ వెలుగు ఆయన ముఖం మీద పడి, పటం అద్దంలో ఆ ముఖం అంతా తేటగా కనపడుతోంది. నుదురు, తడిసిన కళ్ళు, పెదాలు. మగ్గం దగ్గర నిలబడితే ప్రతి మాటా చదవవచ్చు.

"సామీ, ఈ పొద్దు నా బిడ్డ ఉండాది" అంటున్నాడు. "రేపు కూడా ఉండాల. అంతే. ఇంగేం వద్దు."

నా ఒళ్ళు జలదరించింది. ఆ మాటకు కొంత. ఇంకొంత, పిల్లికి పాలు ఎవరు పోశారో, నూలు మూటలు ఎవరు జరిపారో తెలిసినందుకు.

మర్నాడు మగ్గాలు ఆపేసి నాతో తిరుపతి బస్సెక్కాడు. బస్సు ఇంజను మోతలో నాయనకు మాట్లాడటం సుఖంగా ఉంటుంది. అడిగాను, "అద్దంలో రోజూ సూస్తాంటివా?"

"సూడగూడదనే అనుకుంటి. కండ్లు మూసుకోని మగ్గం ఆడించలేను గదా పాపా" అన్నాడు. "నువ్వు తిట్టిన తిట్లు మాత్రం మీ యమ్మకు సెప్పలా. తిండి సంగతులే సెప్పినా."

"మామిడికాయలు?"

"బంగారుపాళ్యంలో మనకు తెలిసిన తోట ఉండాది. పోయి తెస్తి." కాసేపు కిటికీలోంచి ముక్కు కొండను చూసి, "నువ్వు ఒకటి బాగుందంటివంటే, ఆ పొద్దు నాకు తిన్నెది ఒంటికి పట్టేది. ఇదొక్కటీ నువ్వు అద్దానికి గూడా సెప్పల్యా. సెప్పింటే సూసుందును" అన్నాడు. నిందలా అనలేదు. నాకు గుండెలో గుచ్చుకుంది.

డాక్టరమ్మ దగ్గర ఈసారి దాచలేదు. మా ఆయన కూడా వచ్చాడు, మళ్ళీ నా బ్యాగు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. ఆయన వింటుండగానే చెప్పాను. ఆయన కుప్పకూలిపోలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. బ్యాగు కింద పడింది. ఇంతకాలం నేను అంత భయపడింది దీనికేనా అనిపించింది. డాక్టరమ్మ మందు మార్చింది, వారం వారం రమ్మంది. ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఏ వేళైనా ఇంట్లో ఒకరికి నోరు తెరిచి చెప్పాలని ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. "మూడు మాటలు మాననక్కర్లేదు. కానీ మందులూ మానొద్దు" అంది. నాయన తల ఊపి, గది దద్దరిల్లేలా, "మాననీయను తల్లీ!" అన్నాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళంతా లోపలికి తొంగి చూశారు.

బడి తెరిచేనాటికి తిరుపతి వచ్చేశాను. ఇప్పుడు మళ్ళీ పాఠాలు, మళ్ళీ చివరి బెంచీ గుసగుసలు. ఫ్లాటు అలాగే నిశ్శబ్దంగా ఉంటుంది కానీ నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను. సాయంత్రం వంటగదిలో మిక్సీ వేసి, దాని మోతలో నా మూడు మాటలూ మా ఊరి యాసలో చెప్పుకుంటాను. మా ఆయన ఇప్పుడు "ఈ రోజు మూడు?" అని అడగడు. నేను ముఖం వేలాడేసుకుని వచ్చిన రోజున తానే వెళ్ళి ఖాళీ మిక్సీ ఆన్ చేసి, బాల్కనీలోకి పోయి తలుపు వేసుకుంటాడు. రెండు మిక్సీలు కాలిపోయాయి. మూడోది తెచ్చాడు. దానికి కూడా ఒక రోజు థాంక్స్ చెప్పుకున్నాను.

నాయన రోజూ దీపాల వేళకు వీడియో కాల్ చేస్తాడు. మగ్గాలు ఆపడు. ఫోనును దారాల రాట్నానికి ఆనించి పెట్టి, పని చేసుకుంటూ, "ఈ పొద్దు?" అని పెదాలతో అడుగుతాడు. నేనూ పెదాలతోనే చెబుతాను. మూడూ దొరికిన రోజు మూడూ చెబుతాను. ఒక్కో రోజు ఒకటే ఉంటుంది. ఒక్కో రోజు ఏదీ ఉండదు, మబ్బు పట్టినట్టు ఉంటుంది. ఆ పాత ఆలోచన గుమ్మం దాకా వచ్చి పోయిందని కూడా చెబుతాను. అప్పుడు ఆయన ఫోను దగ్గరికి వచ్చి, "నువ్వు?" అని అడుగుతాడు. "ఉండా" అంటాను. "సాలు" అని మళ్ళీ మగ్గం దగ్గరికి పోతాడు.

మొన్న ఒక సాయంత్రం అలాంటి మబ్బు రోజే. ఆయన "ఈ పొద్దు?" అన్నాడు. నేను ఏం చెబుదామా అని నోరు తెరిచాను. అంతలో అక్కడ కరెంటు పోయింది. మగ్గాల హోరు తెగిపోయింది. సిగ్నలు కూడా పడిపోయినట్టుంది, ఆయన బొమ్మ తెర మీద కదలకుండా నిలిచిపోయింది. ఆయన ఫోన్‌లో నా ముఖం కూడా అలాగే, సగం తెరిచిన నోటితో నిలిచిపోయి ఉంటుంది. పెదాలు కదలడం లేదు. గొంతు మాత్రం వస్తోంది. మెల్లగా మాట్లాడటం రాని ఆ గొంతు, ఎప్పుడూ వినని భయంతో, నా చేతిలోని ఫోను అదిరేలా పిలిచింది.

"పాపా! ఏమైంది? యాడుండావు పాపా?"

మిక్సీ ఆడటం లేదు. మా ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. పక్క ఫ్లాటు తలుపులు తెరిచే ఉన్నాయి. నేను గుండెల నిండా గాలి పీల్చి, ఉన్న గొంతంతా పెట్టి, అందరికీ వినపడేలా అరిచాను.

"ఈడనే ఉండాను నాయనా! ఈడనే ఉండా!"